జిల్లా కోర్టులో మీడియేషన్ మీదే బతకొచ్చా? పాలమూరు నుంచి ఒక ప్రశ్న

పిల్లలమర్రి_నీడ:

అందరికీ నమస్తే. నేను మహబూబ్‌నగర్‌లో ప్రాక్టీస్ చేస్తున్న అడ్వొకేట్‌ని. సొంతూరు వనపర్తి వైపు. బార్‌లో చేరి ఆరేళ్లు దాటింది. పని ఎక్కువగా సివిల్ వైపే: భాగపంపకాల దావాలు, ఇంజంక్షన్లు, అప్పుడప్పుడు మెయింటెనెన్స్ కేసులు.

మా సీనియర్ ఆఫీసులో ఒక అన్నదమ్ముల దావా ఉంది. నేను రాకముందే వేశారు. ఇద్దరిలో పెద్దాయన చనిపోయారు, వారసులను పార్టీలుగా చేర్చాం, ఇంకా వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. ఇలాంటివి చూసీచూసీ విసుగొచ్చింది. ఈ మధ్య మాదే ఇంకో కేసును జడ్జి గారు మీడియేషన్‌కి పంపారు. క్లయింట్ పక్కన నేనూ కూర్చున్నాను. మీడియేటర్‌గా వచ్చిన మేడం పెద్దగా మాట్లాడలేదు. అడగాల్సినవి నాలుగు అడిగి ఊరుకున్నారు. మూడో సిట్టింగ్‌కి రాజీ కుదిరింది. నేను చేయాల్సిన పని ఇదేననిపించింది.

మా సీనియర్‌తో అంటే నవ్వారు. "అది రిటైరైన జడ్జిలు పొద్దుపోక చేసే పని, నీకెందుకమ్మా" అన్నారు. ఇంట్లో కూడా టెన్షన్ పడుతున్నారు. నా ప్రశ్నలు ఇవి. వకాల్తాలు మానేసి పూర్తిగా మీడియేషన్ చేస్తే జిల్లాలో గడుస్తుందా? ట్రైనింగ్ ఎవరిస్తారు, ఆరేళ్ల అనుభవం సరిపోతుందా? దూరవిద్యలో ఏడీఆర్ (విచారణ లేకుండా తగాదాలు తేల్చే పద్ధతులు) డిప్లొమా చేస్తే ఏమైనా ఉపయోగమా? ఈ పని స్వయంగా చేసేవాళ్లు చెబితే బాగుంటుంది.

పానగల్లు_వకీలు:

చెల్లెమ్మా, నేను నల్గొండలో ప్రాక్టీస్ చేస్తాను, కోర్టు మీడియేటర్ల ప్యానెల్‌లో కూడా ఉన్నాను. ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. అందరూ దాన్ని చివరికి నెట్టి నసుగుతారు.

గడవదు. కోర్టు పంపిన కేసులో మీడియేటర్‌కి వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. కేసుకి కొన్ని వేలు. సిట్టింగులు ఎన్నయినా అంతే. కక్షిదారుల దగ్గర రూపాయి ముట్టకూడదు. నెలనెలా ఇన్ని కేసులు వస్తాయన్న గ్యారంటీ కూడా లేదు, జడ్జి గారు రిఫర్ చేస్తేనే మన దాకా వస్తుంది. నా ఇల్లు నడిచేది వకాల్తాల మీదే. కాబట్టి ప్రాక్టీస్ మానెయ్యకు. మానేస్తే రేపు నిన్ను మీడియేటర్‌గా తీసుకోవడానికి చూపించే అనుభవం కూడా ఆగిపోతుంది.

ఆ అనుభవం లెక్క ఎక్కడిదంటే, కేసులను రాజీ దారికి పంపే 89వ సెక్షన్ సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని ఎలా నడపాలో తేల్చడానికి సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ ఎం. జగన్నాథరావు గారి అధ్యక్షతన కమిటీ వేసింది. వాళ్లు తయారుచేసిన నమూనా నియమాల్లో వకీళ్లకు కనీసం 15 ఏళ్ల అనుభవం ఉండాలన్నారు. రిటైరైన జడ్జిలు, 15 ఏళ్లు పైబడిన ఇతర వృత్తి నిపుణులు, రిటైరైన పెద్ద అధికారులకు కూడా అందులో చోటుంది. అందుకే మీ సీనియర్ నవ్వారు. ఆయనది పూర్తిగా తప్పు కాదు, కాకపోతే పాత లెక్క. ట్రైనింగ్ అంటే సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ పద్ధతిలో 40 గంటలు. ఆ తర్వాత నిజమైన కేసులు కూర్చోబెట్టి చేయాలి. మా బ్యాచ్‌కి జిల్లా నుంచి పేర్లు పంపారు, పిలుపు వచ్చింది, వెళ్లాం. ఫీజు కట్టి చేరే కోర్సు కాదది.

ఇక పని గురించి. నువ్వు చూసిన మేడం నాలుగే ప్రశ్నలు అడిగారని రాశావు. బయటికి కనిపించేది అంతే. రాజీ కుదిరిందని అందరూ చేతులు కలిపాక అసలు పని మొదలవుతుంది. కాగితం రాయాలి. నా మటుకు నాకు మంచి మీడియేటర్‌కీ మామూలు మీడియేటర్‌కీ తేడా అక్కడే తెలుస్తుంది. దీని గురించి ట్రైనింగ్‌లో తక్కువ చెబుతారు.

మా దగ్గర దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక భాగపంపకాల కేసు సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ముగ్గురు అన్నదమ్ములు, ఒక ఆడపడుచు. దావాలో కొట్లాట ఎకరాల మీద. కూర్చోబెట్టి అడిగితే ఎకరాల దగ్గర పెద్ద తేడాయే లేదు. బత్తాయి తోటకి నీళ్లిచ్చే బోరు పెద్దోడి వాటాలో పడుతుంది, కరెంటు మీటరు చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది, ఎండాకాలం వంతు ఎవరిదనే దగ్గర అందరూ లేచి నిలబడ్డారు. దీని గురించి ప్లెయింట్‌లో (దావా పత్రంలో) ఒక్క వాక్యం కూడా లేదు. "తలా ఇంత పంచుకున్నాం" అని రాసి సంతకాలు పెట్టించి ఉంటే మళ్లీ వేసవికి, డిక్రీ అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్‌తో తిరిగొచ్చేవాళ్లు. అందుకని సర్వే నంబరు, గుంటలతో సహా విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు, బండ్లబాట ఎన్ని అడుగులు, బోరు వంతు ఏ రోజు ఎవరిది, మోటారు కాలిపోతే ఖర్చు ఎవరు ఎంత, మీటరు పేరు మార్పు ఎవరు ఎన్ని రోజుల్లో చేయించాలి, ఇవన్నీ రాశాం. పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. ఇద్దరు వకీళ్లూ మధ్యలో టీకి పోయి తిరిగి రాలేదు, అది వేరే సంగతి.

ఇంకొకటి చూసుకోవాలి. రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అనుకుంటారు. దావా షెడ్యూల్‌లో ఉన్న భూమి వరకే అది నిజం. రిజిస్ట్రేషన్ చట్టం 17(2)(6) ప్రకారం దావాలో లేని స్థిరాస్తిని రాజీలోకి తెస్తే రిజిస్టర్ చేయించాలి. మన వైపు ఇది తరచుగా వస్తుంది. "ఊళ్లో ఇంటి జాగ కూడా ఇందులోనే తేల్చేద్దాం మేడం" అంటారు, ఆ జాగ ప్లెయింట్‌లో ఉండదు. సాదా బైనామా (రిజిస్టర్ కాని తెల్లకాగితం ఒప్పందం) మీద కొన్న భూమి అయితే ఇంకా జాగ్రత్త. డిక్రీ వచ్చాక రెవెన్యూ రికార్డులో పేర్లు మారాలి. ధరణి పోయి భూభారతి వచ్చినా ఆఫీసు చుట్టూ తిరిగేది కక్షిదారే. దరఖాస్తు ఎవరు పెట్టాలి, మిగతావాళ్లు ఎప్పుడు వచ్చి సంతకం చేయాలి, ఖర్చు ఎవరిది అనేది కూడా కాగితంలోనే ఉండాలి.

ఆ ఆడపడుచు సంగతి. అన్నల మధ్య కూర్చుని "నాకేం వద్దు మేడం, పసుపు కుంకుమ కింద ఏదో ఒకటి ఇస్తే చాలు" అంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను ఆమెను, ఆమె వకీలును విడిగా పిలిచాను. మన రాష్ట్రంలో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు కేంద్రం 2005లో ఇవ్వకముందే, ఎన్టీఆర్ హయాంలోనే వచ్చింది, అప్పటికి పెళ్లి కానివాళ్లకు. ఆ తర్వాత 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు పుట్టుకతోనే హక్కు అని తేల్చింది. మీడియేటర్ న్యాయ సలహా ఇవ్వకూడదు, ఇస్తే ఒక పక్షం అయిపోతుంది. అందుకని ఆమె వకీలునే "మీ క్లయింట్‌కి వాటా ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పండి" అన్నాను. ఆయన చెప్పారు. ఆమె చాలాసేపు లెక్కేసుకుని, భూమి వద్దు, కూతురి చదువుకి డబ్బు కావాలి, అదీ బ్యాంకులో తన పేరు మీద పడాలి అంది. అది అన్నలు ఇస్తామన్న దానికంటే చాలా ఎక్కువ, ఆమెకు వచ్చే వాటా కంటే తక్కువ. ఆమె తెలిసి ఒప్పుకుంది. అంతవరకే నా పని.

మన ఊళ్లల్లో పెద్దమనుషుల పంచాయితీ చూసి పెరిగినవాళ్లకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. అక్కడ రెండు పక్షాల దగ్గరా డబ్బు కట్టించుకుని, విని, "గిట్ల చేయుర్రి" అని తీర్పు చెబుతారు. మాట తప్పినోడి డబ్బు పోతుంది. వకీలుకీ అదే అలవాటు, రిటైరైన జడ్జికి మరీ ఎక్కువ. మీడియేషన్‌లో తీర్పు చెప్పే నోరు మూసుకోవాలి. లోపల ఎవరు ఏమన్నారో జడ్జి గారికి కూడా చెప్పకూడదు. కుదిరితే ఒప్పందం పంపాలి, కుదరకపోతే కుదరలేదని ఒక్క ముక్క రాయాలి. మోతీరాం కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగానే చెప్పింది.

డిప్లొమా గురించి: చెయ్యి, నష్టం లేదు. దాన్ని చూసి ఎవరూ కేసులు పంపరు.

ధాన్యం_లెక్కలు:

నేను వకీలును కాదు, వడ్ల వ్యాపారిని. ఏ కోర్టో చెప్పను. పైన మేడం రాసింది బాగుంది, నాకు తగిలిన అనుభవం మాత్రం వేరు. చెక్ బౌన్స్ కేసు వేశాను. మీడియేషన్‌కి పంపారు. ఎదుటాయన రెండు సిట్టింగులకు రాలేదు. మూడోసారి వచ్చి "సగం ఇస్తా" అన్నాడు. మీడియేటర్ సార్ నాకే నచ్చజెప్పుడు మొదలుపెట్టిండు, "వచ్చిందే దక్కుడు, సర్దుకో" అని. నా పైసలు నేను అడుగుతుంటే తప్పు చేసినోడిలా కూర్చోబెట్టారు. చివరికి వాయిదాల మీద వాయిదాలు పోయినయి, ఆయన కోరుకున్నదే అయింది. లాయరమ్మా, నువ్వు మీడియేటర్ అయితే మాలాంటోళ్లను ఇట్ల చేయకు.

ఒక డౌట్ కూడా: లోక్ అదాలత్‌ల చేసుకుంటే, మీడియేషన్‌ల చేసుకుంటే ఏది గట్టిది?

పానగల్లు_వకీలు:

అన్నా, మీకు జరిగింది మీడియేషన్ కాదు, బేరం. రెండుసార్లు రాని మనిషి గురించి వెంటనే ఫెయిల్యూర్ రిపోర్ట్ పంపేసి కేసును కోర్టుకు తిప్పి పంపాల్సింది. వాయిదాల కోసం వాడుకునేవాళ్లు ఉంటారు, మొదటి సిట్టింగ్‌లోనే పసిగట్టాలి.

మీ డౌట్‌కి: లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, లీగల్ సర్వీసెస్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాని మీద అప్పీలు లేదు. సివిల్ దావా అయితే కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. మీడియేషన్‌లో కుదిరిన ఒప్పందాన్ని కేసు పంపిన కోర్టు ముందు పెడితే ఆ కోర్టు ఆర్డర్ చేస్తుంది. గట్టిదనంలో రెండూ గట్టివే. తేడా టైంలో ఉంది. లోక్ అదాలత్ రోజు ఒక్కో బెంచి ముందు బోలెడు కేసులుంటాయి, మీ మాట వినడానికి దొరికేది నిమిషాలు. యాక్సిడెంట్ క్లెయిములు, చెక్కులు, కరెంటు కేసులు లాంటి అంకెల లెక్కకి అది సరిపోతుంది. అన్నదమ్ముల మనసు లెక్కకి సరిపోదు.

వాయిదాల్లో డబ్బు తీసుకునే రాజీ ఎప్పుడైనా చేసుకుంటే, ఒక్క కిస్తీ తప్పినా మొత్తం బాకీ ఒకేసారి కట్టాలని రాయించుకోండి. ఆ లైను లేని రాజీ మీద సంతకం పెట్టకండి.

నల్లమల_పీఎల్వీ:

అచ్చంపేట దగ్గర పారాలీగల్ వాలంటీర్‌గా చేస్తున్నాను, లా చదవలేదు. లాయరక్కకు ఒక మాట. మా దగ్గర కోర్టు దాకా పోయే కేసుల కంటే పోనివే ఎక్కువ. బాట కొట్లాట, బర్రె చేన్లో పడ్డదని కొట్లాట, తాగి ఇంట్లో కొట్టిన గొడవ. చివరిదాన్ని రాజీకి కూర్చోబెట్టే ముందు ఆమెకు భద్రత ఉందా లేదా చూడాలి, అది మాకు ట్రైనింగ్‌లో గట్టిగా చెప్పారు.

2023 మీడియేషన్ చట్టంలో కమ్యూనిటీ మీడియేషన్ అని ఒక చాప్టర్ ఉంది. ఊరి శాంతికి భంగం కలిగించే తగాదా అయితే ముగ్గురు మీడియేటర్ల ప్యానెల్ కూర్చుంటుంది. వాళ్లు కుదిర్చిన ఒప్పందం డిక్రీ లాగా అమలు కాదు, మాట మీద నిలబడాలి. మా తండాల్లో ఇది పనికొస్తుంది, కాకపోతే లంబాడీ మాట తెలిసినవాళ్లు ఉండాలి. తెలుగులో అడిగితే "ఆ సార్, ఆ సార్" అంటారు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది వేరే ఉంటుంది.

ఇంకో సమస్య వలస. పార్టీల్లో ఒకడు పుణెలోనో ముంబైలోనో పనిలో ఉంటాడు. ఒక రోజు కూలి, బస్సు చార్జీ పెట్టుకుని సిట్టింగ్‌కి రమ్మంటే రాడు. ఈ మధ్య వీడియో కాల్‌లో కూర్చోబెట్టిన కేసులు చూశాను. సిగ్నల్ ఉంటే బాగానే నడిచింది. కొత్త చట్టం కూడా ఆన్‌లైన్ మీడియేషన్‌ని ఒప్పుకుంటుంది.

పిల్లలమర్రి_నీడ:

అందరికీ థాంక్స్. పానగల్లు మేడం, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను, ఆయనకు సగం టెన్షన్ పోయింది, నాకు వచ్చింది. ఇంకో రెండు అడుగుతాను. ఫ్యామిలీ కోర్టు కౌన్సెలర్ దారి ఎలా ఉంటుంది? కమర్షియల్ కేసుల మీడియేషన్‌లో డబ్బు ఉంటుందంటున్నారు, నిజమేనా?

ఒక కేసు డౌట్ కూడా ఉంది. మాకు రాజీకి వచ్చిన ఒక భాగపంపకాల దావాలో ఒక ప్రతివాది మైనర్. కోర్టు వేసిన గార్డియన్ వాళ్ల మేనమామ. ఆయన సంతకం పెడితే చాలని సీనియర్ అంటున్నారు. చాలా?

పానగల్లు_వకీలు:

కౌన్సెలర్ దారి వేరు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనే కౌన్సెలర్ల ప్రస్తావన ఉంది, కానీ ఆ పనికి సైకాలజీ, సోషల్ వర్క్ చదివినవాళ్లకు మొగ్గు ఎక్కువ. వకీలుగా నీకు భార్యాభర్తల కేసుల్లో మీడియేటర్‌గానే ఎక్కువ పని దొరుకుతుంది. 2013లో కె. శ్రీనివాసరావు వర్సెస్ డి.ఎ. దీప కేసు, అదీ మన తెలుగు జంటదే, అందులో సుప్రీంకోర్టు ఇలాంటి తగాదాలను మీడియేషన్‌కి పంపమని చెప్పింది. అప్పటి నుంచి మా దగ్గరికి వచ్చే కేసుల్లో అవే ఎక్కువ. మానసికంగా అలిసిపోయేదీ అక్కడే. సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

కమర్షియల్ సంగతి: 3 లక్షలు, ఆ పైన విలువున్న వాణిజ్య వివాదంలో అర్జంటుగా స్టే లాంటిది అడగకపోతే దావాకు ముందే మీడియేషన్‌కి వెళ్లాలి, కమర్షియల్ కోర్టుల చట్టం 12-ఎ సెక్షన్. అది తప్పనిసరి అని పాటిల్ ఆటోమేషన్ కేసులో 2022లో తేలింది. అక్కడ రూల్స్‌లో ఫీజు పట్టిక ఉంది. 3 నుంచి 10 లక్షల లోపు వివాదానికి 15,000, ఇరుపక్షాలూ చెరిసగం. చూడటానికి బాగుంటుంది. కానీ చాలాసార్లు ఎదుటి పక్షం నోటీసుకే రాదు, నాన్ స్టార్టర్ రిపోర్టు రాసి పంపేయడమే. పెద్ద పెద్ద కంపెనీల తగాదాలు హైదరాబాద్‌లో 2021 డిసెంబర్‌లో మొదలైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం లాంటి చోట్లకు పోతాయి. పాలమూరులో కూర్చుని వాటి కోసం ఎదురుచూడకు.

ఇప్పుడు చేయగలిగింది: మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీ గారిని కలిసి ప్యానెల్ అడ్వొకేట్‌కి దరఖాస్తు పెట్టు. రెండు పక్షాలూ ఒప్పుకుంటే సిట్టింగ్‌లో వెనక కూర్చుని చూడనివ్వమని మీ దగ్గరి మీడియేటర్‌ని అడుగు. నీ క్లయింట్ల రాజీ పత్రాలు నువ్వే రాయి, సీనియర్‌కి వదలకు. ఎదుటి వకీలుతో ఫీజు గురించి మొహమాటం లేకుండా మాట్లాడటం నేర్చుకో. రాజీ అయితే తన ఫీజు పోతుందని భయపడే వకీలు సిట్టింగ్‌కి ముందు రోజు రాత్రే క్లయింట్‌ని వెనక్కి లాగేస్తాడు.

మైనర్ సంగతి. చాలదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 32 రూల్ 7 తీసి చదువు. గార్డియన్ రాజీ చేసుకోవాలంటే కోర్టు అనుమతి ఇచ్చినట్టు రికార్డులో స్పష్టంగా ఉండాలి. పిటిషన్‌తో గార్డియన్ అఫిడవిట్ వెయ్యాలి, వకీలు తరఫున ఈ రాజీ మైనర్ మేలుకేనని సర్టిఫికెట్ కూడా పెట్టాలి. అనుమతి లేకుండా చేసిన రాజీని మైనర్ తరఫున కొట్టేయించవచ్చు, మిగతావాళ్లు మాత్రం దాని నుంచి బయటపడలేరు. ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే ముందు పిల్లవాడి వాటాలో బాట ఉందో లేదో నక్షలో చూడు. డ్రాఫ్ట్ అయ్యాక పేర్లు, సర్వే నంబర్లు కొట్టేసి ఇక్కడే పెట్టు, ఆదివారం చూసి చెబుతాను.